ఎదురుకుర్చీ

అక్టోబరు 9

నువ్వు అమ్ముడుపోయావు.

ఇది ప్రశ్న కాదు, నింద. చేరిన రెండో నెలకే అమ్ముడుపోయావు, అదీ మరీ చవగ్గా. ఒక భోజనాల హాలు, ఆ హాలు గోడల మీద ఎప్పుడో చచ్చిపోయిన పెద్దమనుషుల బొమ్మలు, ఎదురుగా కూర్చుని తినే ఒక గొప్పింటి పిల్ల. అంతే! మా తరంలో అమ్ముడుపోయినవాళ్ళు కనీసం బేరమన్నా ఆడారు.

పిడుగూ, ఇక కుశలం. నేను బాగున్నాను. మోకాలు బాగోలేదు, దాని సంగతి అది చూసుకుంటుంది. మీ అమ్మానాన్నలు బాగున్నారు, కాస్త ఎక్కువగానే. నీ యూనివర్సిటీ గుర్తు ముద్రించిన కప్పును మా అక్క షోకేసులో పెట్టింది. మొన్న అందులో టీ పొయ్యమన్నానని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందే, నీ నోరుందే..." అని నాకు పాఠం మొదలెట్టింది. మీ నాన్న బస్సు డ్యూటీ దిగి వస్తుంటే ఇంటి యజమాని మెట్ల మీద ఆగి, "నమస్కారమండీ, అమ్మాయి ఎలా ఉంది?" అంటున్నాడట. పోయిన ఏడాది దాకా "ఏవయ్యా డ్రైవరూ" అన్న నోరే అది. మీ నాన్న మురిసిపోతూ చెప్పాడు. నాకు ఒళ్ళు మండింది. బస్సు అదే, మనిషీ అతనే, కారే కొళాయి ఇంకా కారుతూనే ఉంది. పిలుపొక్కటీ మారింది!

ఆ పరువు ఎక్కణ్ణుంచి వచ్చిందో ఎప్పుడైనా ఆలోచించావా? వంటచేసే చోట ఎంతమందికి పెట్టామో చెప్పుకుంటారు. మీ యూనివర్సిటీ ఎంతమందిని గుమ్మంలోంచి ఆకలితో పంపేసిందో చెప్పుకుంటుంది. సీటు దొరక్క వెనుదిరిగినవాళ్ళ సంఖ్య ప్రతి ఏడూ పెరిగిందని పేపర్లో వేయించుకుంటుంది కూడా.

నీ పోయిన ఉత్తరం నిండా ఆ పిల్లే. పేరు రాయడం మర్యాద కాదంటూ "ఎదురుకుర్చీ" అన్నావు. లైబ్రరీ తలుపు మీద వాళ్ళ ముత్తాత పేరు చెక్కి ఉందన్నావు. ఏమీ చదవలేదంటూనే పరీక్షలో మొదటి మార్కు తెచ్చుకుంటుందన్నావు. "చదివానని ఒప్పుకోవడం ఇక్కడ నామోషీ పిన్నీ" అని, అదేదో సంస్కారమైనట్టు రాశావు. చెమట నామోషీ అని ఎవరంటారే? చెమటోడ్చే అవసరం లేనివాళ్ళు. మీ అమ్మ రోజంతా ఫ్యాక్టరీలో చొక్కాలకు కాలర్లు కుడుతుంది. సాయంత్రం ఇంటికొచ్చి "ఏమీ కుట్టలేదు, వాటంతటవే అయిపోయాయి" అంటుందా?

ఫోను చెయ్యొచ్చుగా అనకు. ఫోనులో నేను అరుస్తాను, నువ్వు పెట్టేస్తావు. కాగితం మీదైతే ఇద్దరం మనుషుల్లా ఉంటాం.

నీ మీద కోపంతో, నువ్వు సరిగ్గా తింటున్నావో లేదో అన్న బెంగతో,
తగాదా పిన్ని


అక్టోబరు 20

పిన్నీ,

నువ్వు నాకు పిన్నివా, పబ్లిక్ ప్రాసిక్యూటరువా? ముద్దాయికి కూడా ముందు మంచినీళ్ళిస్తారు.

నేను తింటున్నాను. సూపు, రొట్టె, ఉడికించిన దుంపలు. నీ వంటకంటే మెరుగే, కోప్పడకు.

నీకు నవ్వొచ్చే సంగతి ఒకటి చెప్తాను. ఇక్కడ స్వాగత సంఘం అని ఉంది. కొత్తగా వచ్చినవాళ్ళు ఒంటరివాళ్ళం అనుకోకుండా చూడటం దాని పని. అందులో చేరాలంటే ఇంటర్వ్యూ. బల్లకు అటువైపు నలుగురు, ఇటువైపు నేను. "నీ గురించి ఏదైనా ఆసక్తికరమైన విషయం చెప్పు" అన్నారు. మా నాన్న బస్సు నడుపుతాడన్నాను. "ఓ! అద్భుతం!" అన్నారు నలుగురూ ఒకేసారి, నేనేదో గారడీ చేసినట్టు. తర్వాత తీసుకోలేదు. నా స్థానంలో ఇంకా ఆసక్తికరమైన ఒంటరివాళ్ళు దొరికారేమో! ఎదురుకుర్చీకి ఈ కథ చెప్తే పొట్ట పట్టుకుని నవ్వింది. ఆమె కూడా అందులో చేరలేదట, "స్వాగతం చెప్పించుకోవడానికి క్యూలో నిలబడాలా?" అంది. చూశావా, నీలాగే మాట్లాడుతుంది. నువ్వనుకున్నంత చెడ్డది కాదు.

ఇక్కడ ఇంకో అలవాటుంది. హాల్లో కుర్చీ మీద కోటు వేసి ఉంటే ఆ కుర్చీ ఎవరిదో అయిపోయినట్టే. కదపరు, ఎవరిదని అడగరు. ఎంత రద్దీగా ఉన్నా పళ్ళెం పట్టుకుని గోడవారన నిలబడతారు గాని కోటును ముట్టరు. ఇక్కడ ఒక్క కోటు కూడా పోయిన చరిత్ర లేదని చేరిన రోజే గర్వంగా చెప్పారు. ఎదురుకుర్చీ ఎప్పుడూ ఆలస్యంగా వస్తుంది గనక ఆమె కోసం నా కోటు వేసి ఉంచుతాను. హాలు పైకప్పు మరీ ఎత్తు, వేడి కిందికి దిగదు, సూపు తాగేలోపు వేళ్ళు కొయ్యబారతాయి. స్నేహం అన్నాక ఆ మాత్రం ఉంటుంది కదా.

అమ్మతో చెప్పు, ఆ కప్పులో టీ పోసుకుంటే కప్పుకేమీ కాదని.

అమ్ముడుపోని,
పిడుగు


నవంబరు 2

పిడుగూ,

నీ ఉత్తరం చదివి కుర్చీలోంచి లేచి నిలబడ్డాను, మోకాలు వద్దంటున్నా వినకుండా.

నువ్వు వణుకుతూ ఉంటే నీ కోటు కుర్చీ మీద ఉంటుందా? ఎందుకు? ఆ మహారాణి తీరుబడిగా వచ్చి కూర్చోవడానికా? స్నేహమా ఇది? దీనికి మా భాషలో వేరే మాటుంది: ఊడిగం. ఆలస్యంగా రావడం ఆమె హక్కు, చోటు కాయడం నీ విధి! ఆమె ఒక్కరోజన్నా ముందొచ్చి నీకు కుర్చీ ఆపిందా? ఆపితే ఆ రోజు తారీఖు రాసి పంపు.

తిట్టేవాణ్ణి గుర్తుపట్టడం తేలికే. నవ్వుతూ దోచేవాళ్ళను గుర్తుపట్టడం నేర్పడానికే నేను పత్రిక పెట్టింది. అందుకని వచ్చే సంచిక మొదటి పేజీకి వ్యాసం రాశాను. శీర్షిక "వణుకుతూ కుర్చీ కాసేవాళ్ళు". నీ పేరు లేదు, ఆమె పేరు లేదు, ఊరి పేరు లేదు. లైబ్రరీ తలుపు, చదవలేదనే గొప్ప, స్వాగత సంఘం, కోటు అన్నీ ఉన్నాయి. ఇది మంగళవారం ప్రెస్సుకు వెళ్తుంది. ప్రెస్సాయన చదివి, "అక్కా, ఈసారి నిప్పులు చెరిగావు" అన్నాడు. ఆయన ఊరికే మెచ్చుకునే మనిషి కాదు, సిరా మరకలు తప్ప దేన్నీ పట్టించుకోడు.

అనుమతి అడగలేదంటావేమో. నిజానికి అనుమతి ఎందుకు? నా పత్రికలో అచ్చుతప్పులు కోకొల్లలు, నాకే తెలుసు. అబద్ధం మాత్రం ఇంతవరకూ అచ్చుకాలేదు. నాకున్న ఆస్తి అదొక్కటే.

కోటు తొడుక్కో.

పిన్ని


నవంబరు 7

పిన్నీ, ఈ ఉత్తరం అందగానే ఆపెయ్. ఏ పేజీ ఎక్కడుంటే అక్కడ ఆపెయ్.

ఆమె గురించి రాయొద్దు. ఎందుకని అడగొద్దు. ఆమె నీకేం చేసింది? మనిషిని చూడకుండా, మాట వినకుండా, నాలుగు వాక్యాలు చదివి మొదటి పేజీలో ఉరి తీస్తావా? నువ్వు రోజూ తిట్టే పెద్దమనుషులు చేసేదీ ఇదే కదా?

నాకు తెలుసు, నేనిక్కడ చేరడం నీకు మొదట్నుంచీ ఇష్టం లేదు. అందరూ సంబరపడుతుంటే నువ్వొక్కదానివే గుమ్మంలో నిలబడి "జాగ్రత్త" అన్నావు. అందని ద్రాక్ష పుల్లన అని ఊరికే అనలేదు.

నేను బాగున్నాను. నాకు స్నేహితులున్నారు. దయచేసి ఆపెయ్.


నవంబరు 15

నీ ఉత్తరం వచ్చేసరికి పత్రిక జనంలోకి వెళ్ళిపోయింది. ఒక ప్రతి దీనితో పంపుతున్నాను.

అందని ద్రాక్ష అన్నావు. నేను చెయ్యి చాపలేదమ్మా. చాపితే అందేదో లేదో నాకు తెలీదు, తెలుసుకోవాలనీ లేదు. గుమ్మంలో నిలబడి జాగ్రత్త అన్నది పుల్లదనంతో కాదు. అప్పుడు ఇంకేదన్నా అంటే గొంతు వణికేది.

నీ పక్షం ఏదో తేలింది. ఆమె బాధపడుతుందని నీకు బాధ. సరే. ఇకమీదట మీ స్నేహం గురించి నాకు రాయనక్కర్లేదు.

మీ అమ్మ కప్పు తుడుస్తూ నీ గురించే మాట్లాడుతుంది.

పిన్ని


డిసెంబరు 1

పిన్నీ,

ఈ ఉత్తరం చాలాసార్లు మొదలుపెట్టి చింపేశాను. ఈసారి చింపకుండా చివరిదాకా రాస్తాను. నువ్వూ మధ్యలో లేచి నిలబడకుండా చివరిదాకా చదువు.

మా లైబ్రరీ నీ పత్రిక తెప్పిస్తుందని నీకు తెలుసా? "అరుదైన అసమ్మతి" అని రాసిన అద్దాల బీరువాలో పెడతారు. నువ్వు తిడితే వాళ్ళు అట్ట వేసి దాచుకుంటారు. ఎవరో నీ వ్యాసం నకలు తీసి హాలు ముందు నోటీసు బోర్డుకు గుచ్చారు. అది చూసి నా పని అయిపోయిందనుకున్నాను. కానీ ఒక్కరికీ కోపం రాలేదు పిన్నీ. అందరికీ తెగ నచ్చింది. బోర్డు ముందు నిలబడి గట్టిగా చదివారు. ఎదురుకుర్చీ ఎవరై ఉంటారని పందేలు వేసుకున్నారు. ఇద్దరమ్మాయిలు నేనంటే నేనని పోట్లాడుకున్నారు. నీ తిట్లు వాళ్ళకు బిరుదుల్లా తగిలాయి. నాకొచ్చే నీ కవర్ల మీద పత్రిక ముద్ర ఎవరో చూశారట, నన్ను తీసుకోని స్వాగత సంఘం వాళ్ళు దారిలో ఆపి, "ఆ రచయిత్రి మీ పిన్నా? ముందే చెప్పొద్దూ!" అన్నారు. బస్సు కంటే నువ్వు ఆసక్తికరంగా ఉన్నావన్నమాట.

తర్వాత ఒక మధ్యాహ్నం ఒకమ్మాయి పళ్ళెం పట్టుకుని నా బల్ల దగ్గరికొచ్చింది. వాళ్ళింట్లో పందెపు గుర్రాలు పెంచుతారు, అందరూ గుర్రాలమ్మాయి అంటారు. లైబ్రరీ తలుపు మీదున్న పేరు వాళ్ళ ముత్తాతదే.

"అది నేనే కదూ?" అంది.

"ఏది?"

"ఎదురుకుర్చీ. తలుపు మీద పేరు మాది కాక ఇంకెవరిది?"

"మనం ఎప్పుడూ మాట్లాడుకోలేదు కదా," అన్నాను.

"అదేమంత పెద్ద విషయం? ఇప్పుడు మాట్లాడుకుందాం. నేనేనని నువ్వొక్కసారి మా బల్ల దగ్గర చెప్పు, చాలు. రోజూ మాతోనే తిందువుగాని." నా ఎదుటి కుర్చీ వైపు చూసి, "ఈ కోటు తీస్తావా? కూర్చుంటాను," అంది.

ఈ హాల్లో ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆమే.

"ఒకరు వస్తున్నారు," అన్నాను.

ఆమె తలుపు వైపు చూసింది. ఇంకాసేపు నిలబడి, "సరే" అని వెళ్ళిపోయింది. ఆమె మొహం చిన్నబోయింది పిన్నీ. వాళ్ళ మొహాలు కూడా చిన్నబోతాయని నాకు తెలీదు.

ఎవరూ రారు. ఎప్పుడూ ఎవరూ రాలేదు. ఎదురుకుర్చీ అనే మనిషి లేదు. తలుపు మీద పేరు చూసి ముత్తాతను పెట్టాను, చదవలేదనే మాట బాత్రూము క్యూలో విన్నాను, నవ్వు నాకు నచ్చినట్టు కల్పించాను. స్వాగత సంఘం గురించి ఆమె అన్న మాట నిజానికి నువ్వు అనే మాటే, అందుకే నీలా ఉంది.

చేరిన మొదటి వారం ఒంటరిగా తింటున్నానని రాద్దామనే కాగితం తీశాను. రాస్తే అమ్మ ఏడుస్తుంది, నువ్వు గెలుస్తావు. ఆ రెండూ భరించలేననిపించింది.

కోటు కూడా అలాగే. ఒంటరిగా తింటున్న మనిషిని హాలంతా చూస్తుంది. ఎవరికోసమో ఎదురుచూస్తున్న మనిషిని ఎవరూ చూడరు. అందుకని ఎదుటి కుర్చీ మీద కోటు వేశాను. కోటు ఉంది గనక ఎవరూ కూర్చోరు, ఎవరూ కూర్చోరు గనక మర్నాడూ వేస్తాను. ఊరంతా చుట్టాలే, ఉట్టి కట్టే చోటు లేదు అంటారే, అలా ఉంది. ఎవరూ నన్నేమీ అనరు. అందరూ నవ్వుతారు. తలుపులు పట్టుకుని ముందు నన్నే వెళ్ళనిస్తారు. ఎవరైనా ఒక్క దెబ్బలాట పెట్టుకుంటే బాగుండునని ఉంటుంది.

కిటికీ పక్కన ఇంకో అమ్మాయి కూర్చుంటుంది. ఎదురు కుర్చీలో సంచి పెడుతుంది. ఆ సంచి మనిషిని కూడా నేనింతవరకూ చూడలేదు.

నీ పత్రికలో మొదటి అబద్ధం నాది. ఎలా దిద్దుకోవాలో తెలీదు. మానేసి వచ్చేద్దామని పెట్టె సర్దాను. ఇంటి యజమాని నాన్నను మళ్ళీ "ఏవయ్యా" అంటాడని గుర్తొచ్చి, సగంలో ఆగిపోయాను. పెట్టె మంచం మీదే తెరిచి ఉంది.

పిడుగు


డిసెంబరు 8

పిడుగూ,

లేచి నిలబడలేదు. చివరిదాకా కూర్చునే చదివాను.

ముందు పత్రిక సంగతి తేల్చేద్దాం. ఈ కింది ముక్క ప్రెస్సాయనకు ఇచ్చాను:

"గత సంచికలో ఎదురుకుర్చీ అని మేము వర్ణించిన యువతి లేదు. ఆ కుర్చీలో ఎవరూ కూర్చోవడం లేదు. ఎవరూ లేకపోవడమే అసలు వార్త అని మాకు తట్టలేదు. చింతిస్తున్నాం."

ఆయన కళ్ళజోడు పైకెత్తి చూశాడు. "సవరణ కదక్కా, చివరి పేజీలో అడుగున వేస్తాను."

"మొదటి పేజీలో వెయ్యి."

"లోకంలో ఎవరూ సవరణ మొదటి పేజీలో వెయ్యరక్కా."

"అబద్ధం మొదటి పేజీలోనే వేశాం కదా?"

"పరువు పోతుంది."

"పోనీ. అది ఉంటే ఏమవుతుందో మా పిల్ల రాసింది."

ఆయనకు ఏమీ అర్థం కాలేదు గాని వేశాడు. నీ పేరు లేదు, మీ హాలు మాటా లేదు. అబద్ధం నీదన్నావు. నువ్వు రాసింది పిన్నికి ఉత్తరం. అడక్కుండా దాన్ని వార్త చేసింది నేను. ఆ పద్దు నాది, నీ ఖాతాలో వేసుకోకు.

ఇక నీ యూనివర్సిటీ మీద నా కోపం తగ్గిందని మాత్రం అనుకోకు. పెరిగింది. తలుపు మూసి ఉంటే తన్నేదాన్ని. తన్నడం నాకు చేతనైన పని. అది తలుపు బార్లా తీసి, "దయచెయ్యండి" అని, లోపల ఒక్కరి పక్కనా చోటు లేకుండా చూస్తుంది. పోయిన కోటు లేదని గర్వపడతారు గాని, ఆ కోట్ల వెనకాల ఎంతమంది పిల్లలు పోయారో ఎవరైనా చూశారా? ఒంటరితనం పోగొట్టే సంఘానికి వడపోత! పైన పటారం, లోన లొటారం. గుర్రాలమ్మాయిని చూడు. ముత్తాత పేరు తలుపు మీదుండి కూడా, మొదటి పేజీ తిట్లలో తనకో చోటు దొరికితే చాలనుకుని పళ్ళెం పట్టుకుని నీ దగ్గరికొచ్చింది. ఆమెకు నాకు తెలిసిన భాషలో పేరు లేదు. ఆమెను ఏమని తిట్టాలో తెలీక పొద్దున్నంతా విసుగ్గా ఉన్నాను.

నేను గెలుస్తానని భయపడ్డావు. నీ ఉత్తరం మడిచి పెట్టాక నాకు గెలిచినట్టు లేదు. చాలా కోపంగా గదంతా చూశాను, ఎవరిమీద చూపించాలా అని. ఎవరూ లేరు. నా బల్లకు ఎదురుగా రెండు కుర్చీలున్నాయని నీకు గుర్తుందా? చిన్నప్పుడు వాటి మీదెక్కి గెంతేదానివి. ఇప్పుడు ఆ రెంటి మీదా అమ్ముడుపోని సంచికల కట్టలున్నాయి. బీరువాలో చోటుంది. అయినా వాటినక్కడ పెట్టాను, ఎవరైనా వస్తే పత్రిక బోలెడు పనిలో ఉన్నట్టు కనిపిస్తుందని. ప్రెస్సాయన వచ్చినప్పుడల్లా నిలబడే మాట్లాడి వెళ్ళేవాడు. ఆయనకు తొందరనుకునేదాన్ని. మొన్న ఒక కట్ట కిందికి దించాను. ఆయన ఆ కుర్చీని, నన్ను మార్చిమార్చి చూసి, "నన్ను తీసేస్తున్నావా అక్కా?" అన్నాడు. తర్వాత కూర్చున్నాడు. టీ చల్లారేదాకా కూర్చున్నాడు. ఆయనకు పాటలొచ్చట, నాకు తెలీదు. పాడమంటే సిగ్గుపడ్డాడు.

మీ అమ్మకు నేనేమీ చెప్పలేదు. నిన్న మాత్రం షోకేసులోంచి ఆ కప్పు తీసి అందులో టీ పోసుకుని తాగేశాను. మా అక్క చాలాసేపు అరిచింది. ఆ తర్వాత తనూ పోసుకుంది. తాగుతూ, "అక్కడ పిల్లకి ఎదురుగా కూర్చుని టీ తాగేవాళ్ళున్నారంటావా?" అని అడిగింది. కాబట్టి తనకేమీ తెలియదని అనుకోకు.

ఇన్నాళ్ళూ డిమాండ్ల పత్రాలు యాజమాన్యాలకే రాశాను. ఇది నీకు.

1. కోటు కుర్చీ మీంచి తీసి ఒంటికి తొడుక్కోవాలి. ముందు చలి పోవాలి, మిగతావి తర్వాత.

2. పళ్ళెం పట్టుకుని కిటికీ పక్క అమ్మాయి దగ్గరికి వెళ్ళి, "ఈ సంచి తీస్తావా?" అని అడగాలి. ఒకరు వస్తున్నారని ఆమె అంటే నమ్మకూడదు. మర్నాడు మళ్ళీ అడగాలి.

3. గుర్రాలమ్మాయి మళ్ళీ వస్తే కూర్చోనివ్వాలి. ఎదురుకుర్చీ ఆమేనని మాత్రం చెప్పకూడదు. ఆమె వర్గంతో తగాదా నాది, నేను చూసుకుంటాను. అన్నం దగ్గర అది నీ పని కాదు.

4. ఉంటావో, మానేసి వస్తావో నీ ఇష్టం. కానీ పై మూడూ చెయ్యకుండా పెట్టె మూయడానికి వీల్లేదు.

5. ఇంటి యజమాని మీ నాన్నను ఏమని పిలుస్తాడన్నది నీ పరీక్షాంశం కాదు. వాణ్ణి నాకు వదిలెయ్యాలి.

6. నిజం రాయలేని రోజు ఖాళీ కాగితం మడిచి పంపాలి. నేను చదువుకుంటాను.

7. సెలవులకు ఇంటికి రావాలి. నా బల్లకు ఎదురుగా రెండో కుర్చీ కూడా ఖాళీ చేశాను. నువ్వొచ్చేదాకా దాని మీద ఏమీ పెట్టను. ఈలోగా ఎవరైనా కూర్చుంటే లేవమనను.

పిన్ని